పిస్టన్ ఎంపిక: ముందు కొలత, తర్వాత కొనుగోలు

(మన వేదిక వార్షిక సమావేశంలో గ్యారేజీ, మెషిన్ షాపు కార్మికుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



సంక్షేమ సభలో పిస్టన్ల గురించి ప్రసంగమేంటని కొందరికి అనిపించవచ్చు. వీసా గురించి, గ్రాట్యుటీ గురించి, ఊర్లో అప్పు గురించి మాట్లాడితే సంక్షేమం. మరి పిస్టన్ గురించి మాట్లాడితే? అదీ సంక్షేమమే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల్లో, దుబాయ్‌లోని రాస్ అల్ ఖోర్‌లో, అబుదాబి ముసఫ్ఫాలో గ్యారేజీల్లో పనిచేసే మనోళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. మన జీతం మన చేతి పని మీద నిలబడి ఉంది. ఒక పెద్ద ఇంజిన్ పగిలిపోయిన రోజు ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంజిన్ పగలకుండా ఏం చూడాలి, పగిలినా మన మీదికి రాకుండా ఏం రాసుకోవాలి, ఈ రెండూ కలిపి చెప్తాను.

హెల్పర్‌గా చేరి రెండు మూడేళ్లయిన తమ్ముళ్లను దృష్టిలో పెట్టుకొని మాట్లాడుతున్నాను. సీనియర్లు ఓపిక పట్టండి.

ఏ ఇంజిన్ గురించి మాట్లాడుతున్నాం?

గల్ఫ్‌లో బలం పెంచే పని అనగానే ముందు గుర్తొచ్చే బండి నిస్సాన్ పాట్రోల్. అందులో టీబీ48 ఇంజిన్. వరసగా ఆరు సిలిండర్లు, ఇనుప బ్లాక్. బోర్ 99.5 మి.మీ., స్ట్రోక్ 102 మి.మీ., మొత్తం 4,759 సీసీ. లివా దగ్గర తల్ మొరీబ్ ఇసుక దిబ్బ ఎక్కే బండ్ల వీడియోలు మీరంతా ఫోన్లో చూసే ఉంటారు. వాటిలో ఈ ఇంజిన్‌కు టర్బో పెట్టినవి ఎన్నో. అందుకే ఈ రోజు ఉదాహరణకు దీన్నే తీసుకుంటాను. చెప్పే సూత్రాలు మాత్రం టయోటా 2జేజెడ్‌కైనా, వేరే ఏ ఇంజిన్‌కైనా అవే.

ఈ ఇంజిన్‌ను కంపెనీ టర్బో లేకుండా చేసింది. టర్బో పెట్టి ఒక బార్ ప్రెషర్ ఎక్కించామంటే సిలిండర్లోకి దాదాపు రెండింతల గాలి పోతుంది. దానికి తగ్గట్టు పెట్రోలు, దానికి తగ్గట్టు మంట. ఆ మంట మొట్టమొదట కొట్టేది పిస్టన్ తలనే. అందుకే పిస్టన్ మార్చాలంటారు. కానీ "ఫోర్జ్‌డ్ పిస్టన్ వేసెయ్, ఇంకేం కాదు" అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట నమ్మొద్దు. ఫోర్జ్‌డ్ పిస్టన్ పెట్టినంత మాత్రాన ఇంజిన్‌కు చావు లేదనుకోకూడదు. పెట్రోలు తక్కువ పడి మంట వేడెక్కితే ఎంత ఖరీదైన పిస్టన్ అయినా కరిగి చిల్లు పడుతుంది. నాకింగ్ ఆగకుండా కొడుతూ ఉంటే రింగు గాడుల మధ్య అంచు విరుగుతుంది. మంచి పిస్టన్ మనకు కొంచెం అదనపు జాగా మాత్రమే ఇస్తుంది. ఆ జాగాను ట్యూనింగ్ చేసేవాడు పాడుచేయకుండా ఉండాలి.

కేటలాగ్ తెరిచే ముందు అడగాల్సినవి

బండి యజమాని వచ్చి "మంచి పిస్టన్లు చెప్పు" అంటాడు. మనం వెంటనే కంపెనీ పేరు చెప్పకూడదు. ముందు అయిదు సంగతులు అడగాలి. ఒకటి, టర్బో ఉందా, ఎంత బూస్ట్ నడుపుతాడు? రెండు, ఏ పెట్రోలు పోస్తాడు? ఇక్కడి బంకుల్లో 98 సూపర్, 95 స్పెషల్ దొరుకుతాయి. పోటీకి వెళ్లేవాళ్లు రేసింగ్ పెట్రోలు పోస్తారు. మూడు, బండి రోజూ ఆఫీసుకు వెళ్తుందా, సెలవు రోజుల్లో ఇసుకకు మాత్రమేనా, లేక పోటీకి మాత్రమేనా? నాలుగు, పాత కనెక్టింగ్ రాడ్లే ఉంచుతాడా, కొత్తవి వేస్తాడా? అయిదు, ఈ బ్లాక్ ఇంతకుముందు ఎప్పుడైనా రీబోర్ అయిందా?

ఈ అయిదింటికి జవాబు రాకుండా పిస్టన్ ఆర్డర్ పెట్టడమంటే కాలు కొలవకుండా చెప్పులు కొనడమే. జవాబులను నోటితో విని ఊరుకోవద్దు. జాబ్ కార్డు మీద రాయండి. ఎందుకో చివర్లో చెప్తా.

ఏ లోహం?

పిస్టన్లు మూడు రకాలు. మొదటిది మామూలు పోత పిస్టన్. ఇంటి బండికి ఇది చక్కగా సరిపోతుంది. రెండోది సిలికాన్ ఎక్కువ కలిపిన పోత పిస్టన్. కేటలాగుల్లో దీన్ని హైపర్ యుటెక్టిక్ అంటారు, సిలికాన్ సాధారణంగా 16 నుంచి 18 శాతం ఉంటుంది. గట్టిది, అరుగుదల తక్కువ, వేడికి పెద్దగా ఉబ్బదు. కానీ పెళుసు. నాకింగ్ దెబ్బ తగిలిందంటే వంగదు, ముక్కలవుతుంది. బలంగా బూస్ట్ ఎక్కించే ఇంజిన్‌లో దీన్ని నమ్ముకోకూడదు.

మూడోది ఫోర్జ్‌డ్, అంటే పోత పోయకుండా వేడి ముద్దను ప్రెస్సులో అదిమి చేసింది. ఇందులో మళ్లీ రెండు లోహాలు ఉన్నాయి. పెట్టె మీద గానీ, కాగితం మీద గానీ 4032 అనో, 2618 అనో ఉంటుంది. ఈ నంబర్ చదవడం వచ్చినవాడికి సగం పని వచ్చినట్టే.

4032లో సిలికాన్ సుమారు 12 శాతం. వేడికి తక్కువ ఉబ్బుతుంది. కాబట్టి సిలిండర్ గోడకు, పిస్టన్‌కు మధ్య సందు తక్కువ ఉంచవచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చప్పుడు తక్కువ, అరుగుదల తక్కువ. రోజూ నడిచే బండికి, మితంగా బూస్ట్ ఉన్నదానికి ఇది మంచి ఎంపిక.

2618లో సిలికాన్ దాదాపు లేనట్టే. మెత్తగా సాగే గుణం ఎక్కువ. నాకింగ్ దెబ్బ తగిలితే పెళుసుగా పగలకుండా కొంత ఓర్చుకుంటుంది. పెద్ద బూస్ట్‌కు, పోటీ బండికి ఇదే వాడతారు. కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి సందు ఎక్కువ ఉంచాలి. చల్లగా ఉన్నప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది, వేడెక్కాక తగ్గుతుంది. త్వరగా అరుగుతుంది కూడా.

ఎంత ఫరక్ అంటారా? 100 మి.మీ. వెడల్పున్న ముక్క 100 డిగ్రీలు వేడెక్కితే 4032 సుమారు 0.19 మి.మీ. పెరుగుతుంది. 2618 సుమారు 0.22 మి.మీ. ఇనుప బ్లాక్ సుమారు 0.11 మి.మీ. మాత్రమే. అల్యూమినియం ఇనుము కంటే ముందు పరుగెత్తుతుంది. ఆ పరుగుకు మనం వదిలిన జాగానే సందు. జాగా వదలకపోతే పిస్టన్ గోడను గీరి పట్టేస్తుంది.

2618 వేసేటప్పుడు యజమానికి ఒక మాట ముందే చెప్పాలి. "సార్, పొద్దున్నే చప్పుడు వస్తుంది. ఆయిల్ వేడెక్కేదాకా యాక్సిలరేటర్ తొక్కొద్దు" అని. ఇది ముందు చెప్తే వివరణ అవుతుంది. బండి ఇచ్చాక చెప్తే సాకు అవుతుంది. మాట ఒకటే, చెప్పే రోజే తేడా.

తల ఆకారం, కంప్రెషన్ లెక్క

పిస్టన్ తల బల్లపరుపుగా ఉండొచ్చు, గిన్నెలా లోతుగా ఉండొచ్చు, ఉబ్బుగా ఉండొచ్చు. ఏది కావాలో చూపు చెప్పదు, లెక్క చెప్తుంది. ఆ లెక్క కష్టమేం కాదు. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

మన టీబీ48ను 100 మి.మీ. బోర్ చేశాం అనుకోండి. పిస్టన్ కింది నుంచి పైకి వచ్చేటప్పుడు తుడిచే జాగా ఒక్కో సిలిండర్‌కు 801 సీసీ. మనకు 9:1 కంప్రెషన్ కావాలి. అంటే పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు పైన మిగిలే జాగా, 801ని 8తో భాగిస్తే వచ్చేదంత, సుమారు 100 సీసీ ఉండాలి.

ఈ 100 సీసీ ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగు చోట్ల నుంచి. హెడ్‌లో ఉన్న గుంత ఒకటి. దాన్ని అద్దం ముక్క పెట్టి, బ్యూరెట్‌తో ద్రవం పోసి కొలవాలి. లెక్క కోసం 70 సీసీ వచ్చింది అనుకుందాం. రెండోది హెడ్ గాస్కెట్ మందం. 101 మి.మీ. రంధ్రం, బిగించాక 1.2 మి.మీ. మందం ఉంటే 9.6 సీసీ. మూడోది పిస్టన్ పై అంచు బ్లాక్ పై అంచు కంటే ఎంత కింద ఆగుతుందో ఆ ఖాళీ. 0.3 మి.మీ. కింద ఆగితే 2.4 సీసీ. ఈ మూడూ కలిపితే 82. ఇంకా 18 సీసీ తక్కువ పడింది. ఆ 18 సీసీ నాలుగోచోటు నుంచి, అంటే పిస్టన్ తలలోని గిన్నె నుంచి రావాలి. వాల్వు గుంతలు కూడా ఆ 18లోనే కలిసి ఉండాలి.

ఇప్పుడు ఇదే ఇంజిన్‌లో గిన్నె లేని బల్లపరుపు పిస్టన్ వేశామనుకోండి. 801ని 82తో భాగించి ఒకటి కలపండి. 10.8 వస్తుంది. 9 అనుకున్నది దాదాపు 11 అయింది. దాని మీద టర్బో, దాని మీద 45 డిగ్రీల ఎండ, దాని మీద ఇసుకలో మొదటి గేరు, రెండో గేరులో ఫుల్ లోడు. నాకింగ్ రాక ఏమవుతుంది? పెట్టెలు రెండూ ఒకేలా ఉంటాయి, పిస్టన్లు రెండూ తళతళ మెరుస్తాయి. తేడా 18 సీసీ, ఒక చిన్న టీ గ్లాసులో అడుగున పట్టేంత. ఇంజిన్ బతుకు ఆ కొంచెంలో ఉంది.

నేను చెప్పిన 70, 1.2, 0.3 అన్నవి లెక్క నేర్పడానికి తీసుకున్న అంకెలు. మీ ముందున్న హెడ్‌ను, మీ చేతిలో ఉన్న గాస్కెట్‌ను మీరే కొలవండి. హెడ్‌ను ముందు ఎవరైనా ప్లేనింగ్ చేసి ఉంటే గుంత తగ్గిపోయి ఉంటుంది.

ఎత్తు, పిన్, వాల్వులు

పిస్టన్‌లో పిన్ రంధ్రం మధ్య నుంచి పై అంచు వరకు ఉన్న ఎత్తును కంప్రెషన్ హైట్ అంటారు. స్ట్రోక్‌లో సగం, రాడ్ పొడవు, ఈ ఎత్తు, ఈ మూడూ కలిపితే వచ్చేది క్రాంకు మధ్య నుంచి బ్లాక్ పైకి ఉన్న ఎత్తు కంటే కాస్త తక్కువ ఉండాలి. మన ఇంజిన్‌లో స్ట్రోక్‌లో సగం 51 మి.మీ. రాడ్ 3 మి.మీ. పొడవైనది వేస్తే, పిస్టన్‌లో పిన్ 3 మి.మీ. పైకి జరిగి ఉండాలి. అందుకే రాడ్ల సంగతి తేలకుండా పిస్టన్ కొనొద్దన్నాను. పిన్ మందం కూడా రాడ్ చిన్న కంటికి సరిపోవాలి. కొత్త పిన్ కిళ్లీలు ప్రతిసారీ కొత్తవే వేయాలి. ఒకసారి తీసిన కిళ్లీని మళ్లీ వాడొద్దు. రెండు రూపాయల కిళ్లీ ఊడితే సిలిండర్ గోడ మొత్తం గీసేస్తుంది.

పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేస్తే వాల్వులు ఎక్కువ కిందికి దిగుతాయి. అప్పుడు పిస్టన్ తలలో గుంతలు చాలకపోవచ్చు. పిల్లలు ఆడుకునే బంకమట్టి కొంచెం పిస్టన్ మీద పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, టైమింగ్ సరిగ్గా కట్టి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, మట్టిని కోసి మందం చూడండి. ఇన్‌టేక్ వైపు కనీసం 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు కనీసం 2.5 మి.మీ. ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. పిస్టన్ మీద బాణం గుర్తు గానీ, ముందు వైపు గుర్తు గానీ చూసి వేయండి. తిరగేసి వేస్తే ఇన్‌టేక్ గుంత ఎగ్జాస్ట్ వైపుకు పోతుంది.

2జేజెడ్ టర్బో లాంటి ఇంజిన్లలో పిస్టన్ కిందికి ఆయిల్ చిమ్మే జెట్లు ఉంటాయి. కొత్త పిస్టన్ స్కర్ట్ దిగినప్పుడు వాటికి తగులుతుందేమో కూడా చూడాలి. బరువు కూడా చూడాలి. పిస్టన్, పిన్, రింగులు కలిపి ఆరింటినీ తూకం వేయండి, ఒక గ్రాము లోపు తేడాలో ఉంచండి. మన ఆరు సిలిండర్ల వరస ఇంజిన్‌లో పిస్టన్లు అన్నీ ఒకే బరువైతే చాలు, తేలికైనవి వేశామని క్రాంకును మళ్లీ బ్యాలెన్స్ చేయక్కర్లేదు. వీ8లో మాత్రం పిస్టన్ బరువు మారితే క్రాంకు బ్యాలెన్సింగ్ మళ్లీ చేయాల్సిందే.

బోరింగ్, సందు, ఏసీ గది

ఇప్పుడు అసలు మాట. పిస్టన్ చేతికి రాకముందు బ్లాక్‌ను బోరింగ్ మిషన్ ఎక్కించవద్దు. "100 అన్నారు కదా, 100 కొట్టేద్దాం, పిస్టన్లు వచ్చేవారం వస్తాయి" అంటారు. తొందర పెడతారు. ఒప్పుకోవద్దు. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అనలేదు. ఇనుము ఒకసారి కోశాక తిరిగి అతికించలేం.

ఒక్కో పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలవాలి. ఎక్కడ కొలవాలి? పైన కాదు, పిన్ వైపు కాదు. పిన్‌కు అడ్డంగా, స్కర్ట్ మీద, తయారీదారు కాగితంలో చెప్పిన ఎత్తులో. పిస్టన్ పూర్తి గుండ్రం కాదు, పైనుంచి కిందికి ఒకే వెడల్పూ కాదు. కావాలనే అలా చేస్తారు. తప్పు చోట కొలిస్తే తప్పు అంకె వస్తుంది. స్కర్ట్ మీద నల్లటి పూత ఉంటే, పూతతో కలిపి కొలవాలో వద్దో కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. తర్వాత ఆ పిస్టన్ మీద సిలిండర్ నంబర్ రాసి, దానికి తగ్గ సందు కలిపి, ఆ సిలిండర్‌ను అంతకే కోయాలి. చివరి హోనింగ్ చేసేటప్పుడు టార్క్ ప్లేట్ బిగించాలి. ఎందుకంటే హెడ్ బోల్టులు బిగించగానే సిలిండర్ గోడ కొంచెం వంకర తిరుగుతుంది. ఆ వంకరలో ఉండగానే గుండ్రంగా చేస్తే, హెడ్ బిగించాక గుండ్రంగా ఉంటుంది. బోర్ డయల్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో, మొత్తం ఆరు కొలతలు తీసి రాయండి.

ఎంత సందు? తయారీదారు కాగితం మీద ఉన్నంత. నా మాట కాదు, ఫోర్‌మన్ మాట కాదు, పక్క గ్యారేజీ ఉస్తాద్ మాట కాదు. టర్బో ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని వేర్వేరుగా రాసి ఉంటుంది. అది చదవండి. ఇంగ్లీషు రాకపోతే ఫోటో తీసి తెలిసినవాళ్లకు పంపి అడగండి. అందులో సిగ్గు ఏం లేదు.

మన గల్ఫ్‌కు సంబంధించిన సంగతి ఇంకొకటుంది. ఏ పుస్తకంలోనైనా "గది వేడిమిలో కొలవండి" అని ఉంటుంది. మన దగ్గర పిస్టన్ల పెట్టె 22 డిగ్రీల ఏసీ ఆఫీసులో ఉంటుంది. బ్లాక్ బయట షెడ్డులో 42 డిగ్రీల్లో ఉంటుంది. 20 డిగ్రీల తేడాకు 100 మి.మీ. ఇనుప బోర్ సుమారు 0.02 మి.మీ. పెద్దదిగా కనపడుతుంది. 0.10 మి.మీ. సందు పెట్టాం అనుకుంటాం, నిజానికి 0.08 మాత్రమే ఉంటుంది. అయిదో వంతు గల్లంతు! ఎవరూ తప్పు చేయలేదు, గేజ్ అబద్ధం చెప్పలేదు, అయినా ఇంజిన్ పట్టేస్తుంది. కాబట్టి పిస్టన్లు, బ్లాక్, మైక్రోమీటర్, డయల్ గేజ్, అన్నీ ఒకేచోట రాత్రంతా ఉంచి పొద్దున్న కొలవండి. హోనింగ్ చేసిన వెంటనే బ్లాక్ వేడిగా ఉంటుంది, అప్పుడు చివరి కొలత తీయవద్దు.

రింగులు

రింగు చివర్ల మధ్య సందును చాలామంది పట్టించుకోరు. "పెట్టెలోంచి తీసి వేసెయ్" అంటారు. టర్బో ఇంజిన్‌లో పై రింగు బాగా వేడెక్కి సాగుతుంది. చివర్లు ఒకదానికొకటి తగిలాయంటే పోవడానికి దారి లేక గోడను గీరుతుంది, పిస్టన్ అంచును పైకి పెకలిస్తుంది. విప్పి చూస్తే "పిస్టన్ నాసిరకం" అంటారు. పిస్టన్ తప్పు కాదది.

వాడుకలో ఉన్న లెక్క ఇది. టర్బో లేని ఇంజిన్‌కు బోర్ మి.మీ.ను 0.004తో గుణించాలి. టర్బోకు బూస్ట్‌ను బట్టి 0.0045 నుంచి 0.006 వరకు. 100 మి.మీ. బోర్‌కు టర్బో లేకుంటే 0.40 మి.మీ., టర్బో ఉంటే 0.45 నుంచి 0.60 మి.మీ. వరకు. రెండో రింగుకు అంతే, లేదా కాస్త ఎక్కువ. ఇక్కడ కూడా రింగు పెట్టెలోని కాగితం ఏం చెప్తే అదే చివరి మాట. రింగును ఏ సిలిండర్‌లో వేస్తామో ఆ సిలిండర్‌లోనే పెట్టి, పిస్టన్‌తో లోపలికి నెట్టి సమంగా చేసి, ఫీలర్ గేజ్‌తో చూడాలి. ఆకురాయి పెట్టేటప్పుడు బయటి అంచు నుంచి లోపలికే రుద్దండి, లేకపోతే బయటి పూత పెచ్చులూడుతుంది. కొంచెం ఎక్కువ సందు ఉంటే కొంచెం ఆయిల్ పొగ వస్తుంది, అంతే. తక్కువ ఉంటే ఇంజిన్ పోతుంది. ఏ వైపు తప్పు చవకో మీరే చూడండి.

ఇసుకలో తిరిగే బండికి ఇంకో శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ పెట్టె సీలు వదులైతే సన్నటి ఇసుక లోపలికి పోయి కొత్త రింగులను కొద్ది రోజుల్లో అరగదీస్తుంది. ఇంజిన్ కట్టిన చేత్తోనే గాలి గొట్టాల క్లిప్పులు కూడా చూసి వదలండి.

పెట్టె చూసి మోసపోవద్దు

మాలే, వైసెకో, జేఈ, సీపీ లాంటి పేరున్న కంపెనీల పిస్టన్లు ఇక్కడ దొరుకుతాయి. పేరున్న చోటే నకిలీ పుడుతుంది. సగం ధరకు "అదే సరుకు" అని ఎవరైనా ఇస్తే ముందు అనుమానించండి. పార్ట్ నంబర్ కంపెనీ కేటలాగులో ఉందా, పెట్టె మీద రాసిన వెడల్పు మైక్రోమీటర్‌లో వస్తుందా, ఆరింటి బరువూ ఒకటేనా, కాగితం ఉందా? ఈ నాలుగూ చూడండి. వాడిన పిస్టన్లు తెచ్చి "కొత్త రింగులు వేసి కట్టు" అంటే, రింగు గాడి అరుగుదల, స్కర్ట్ కొలత, పిన్ రంధ్రం చూసి, వచ్చిన అంకెలు రాసి చూపించండి. పనికిరాదనిపిస్తే పనికిరాదని రాయండి.

రాసుకున్నవాడిదే న్యాయం

ఇప్పుడు జాబ్ కార్డు సంగతి. నాకు తెలిసిన ఒక గ్యారేజీలో, పేరు అవసరం లేదు, యజమాని స్నేహితుడు ఎక్కడినుంచో పిస్టన్లు తెచ్చాడు. బల్లపరుపు తలవి. టర్బో ఇంజిన్‌లో వేయమన్నాడు. ఫోర్‌మన్ సరే అన్నాడు, ట్యూనర్ సరే అన్నాడు, మన తమ్ముడు ఒకడు స్పానర్ పట్టాడు. మూడో వారంలో రెండు పిస్టన్లు పోయాయి. అప్పుడు అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. పిస్టన్ ఎవరు ఎంచారో ఎవరికీ గుర్తులేదు. బిగించినవాడు మాత్రం అందరికీ గుర్తున్నాడు. కమీస్ నిండా గ్రీజుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు కదా! వరసగా మూడు నెలలు వాడి జీతంలో కోత పడింది. ఆ మూడు నెలలూ ఊర్లో చెల్లెలి కాలేజీ ఫీజు ఆగింది.

ఒక్క కాగితం ఉంటే కథ వేరేగా ఉండేది. అందుకని ప్రతి ఇంజిన్‌కు ఇవి రాయండి. పిస్టన్లు ఎవరు తెచ్చారు, పార్ట్ నంబర్ ఏంటి, ఏ లోహం, ఆరు పిస్టన్ల కొలతలు, ఆరు బోర్ల కొలతలు, సందు, రింగు సందులు, లెక్కలో వచ్చిన కంప్రెషన్, కొలిచిన తేదీ. కింద ఫోర్‌మన్ సంతకం. సంతకం పెట్టనంటే కనీసం ఫోటో తీసి ఆయన వాట్సాప్‌కే "సార్, కొలతలు ఇవి, కట్టమంటారా?" అని పంపండి. మర్యాదగానే పంపండి. ఆ మెసేజి గొడవకు కాదు, గొడవ రాకుండా ఉండటానికి. మంచి యజమాని దీన్ని చూసి సంతోషిస్తాడు, ఎందుకంటే కస్టమర్ వచ్చి అరిచిన రోజు అదే కాగితం ఆయన్నీ కాపాడుతుంది.

యూఏఈలో పనిచేసేవాళ్లు చట్టంలోని ఈ మాట గుర్తుంచుకోండి. 2021 నాటి 33వ నంబర్ కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఇష్టమొచ్చినట్టు జీతం కోయడానికి అది ఒప్పుకోదు. కార్మికుడి తప్పు వల్ల యజమాని సామాను పాడైతే, దాన్ని బాగుచేయడానికి కోసేది నెలకు అయిదు రోజుల జీతం దాటకూడదు. అంతకు మించితే కోర్టు అనుమతి కావాలి. రకరకాల కోతలు కలిసినా మొత్తం జీతంలో సగం దాటకూడదు. అసలు తప్పు నీదా కాదా అన్నది మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు నీ నోరు జవాబు చెప్తే వాదన, నీ కాగితం చెప్తే సాక్ష్యం. అన్యాయం జరిగితే కార్మిక శాఖలో, మనం మోహ్రే అంటామే, అక్కడ ఫిర్యాదు పెట్టవచ్చు. ముందు మన వేదిక వాళ్లతో మాట్లాడండి, తోడు వస్తారు.

చివరగా ఒక మాట

తమ్ముళ్లూ, హెల్పర్ జీతానికి, మెషినిస్ట్ జీతానికి మధ్య ఉన్నది కండబలం కాదు. మైక్రోమీటర్ చదవడం, కాగితం చదవడం, మూడు లైన్ల లెక్క వేయడం. ఇవి మూడూ ఎవరో దాచుకున్న విద్యలు కావు. ఒక చిన్న నోట్‌బుక్ కొనండి. షాపులోకి వచ్చే ప్రతి ఇంజిన్ బోర్, స్ట్రోక్, పిస్టన్ నంబర్, పెట్టిన సందు తెలుగులోనే రాసుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం మీ సర్టిఫికెట్ అవుతుంది. వీసా మారినా, దేశం మారినా, రేపు ఊర్లో సొంత షాపు పెట్టినా అది మీ వెంట వస్తుంది.

సీనియర్ అన్నలకు కూడా ఒక విన్నపం. హెల్పర్‌ను "ఇది పట్టుకో, అది తుడువు" దగ్గరే ఆపవద్దు. డయల్ గేజ్ వాడి చేతికివ్వండి. మీరు కొలిచాక వాడితోనూ కొలిపించండి. రెండు అంకెలు కలిస్తే పని ముందుకు, కలవకపోతే మళ్లీ కొలవండి. వాడు నేర్చుకుంటాడు, మీ ఇంజిన్‌కు రెండో కాపలా దొరుకుతుంది.

వచ్చే నెల మొదటి శుక్రవారం ఇదే హాల్లో మైక్రోమీటర్లు, పాత పిస్టన్లు, ఒక బ్లాక్ పెట్టుకొని చేతితో నేర్పే తరగతి పెడదామని కమిటీని అడిగాను, సరేనన్నారు. నోట్‌బుక్, పెన్ను తెచ్చుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు, ముందే చేతికి పని నేర్పుదాం.